నోటులో రాయని కారణం

మా వైపు ప్రామిసరీ నోట్లు చదివే అలవాటున్నవాళ్లకు ఒక మాట కంఠతా వచ్చేసి ఉంటుంది. 'నా కుటుంబ అవసరాల నిమిత్తం' అనే మాట. కూతురి పెళ్లికి తీసుకున్నా, బోరు వేయడానికి తీసుకున్నా, కర్నూలు పెద్దాసుపత్రి ఖర్చుకు తీసుకున్నా నోటులో ఉండేది అదే. రాత్రి పేకాటలో పోగొట్టుకున్నది పొద్దున కట్టడానికి తీసుకున్నా అదే. ప్రొద్దుటూరులో దస్తావేజులు రాసే మా మామను ఒకసారి అడిగాను, జూదం అప్పు అని రాసిన నోటు ఎప్పుడైనా చూశావా అని. ఆయన నవ్వి, "జూదానికని ఎవడన్నా రాస్తాడా నాయనా, కుటుంబానికని రాస్తేనే నోటుకు బలం" అన్నాడు.

ఆ బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే చాలా దూరం వెళ్లాల్సి వచ్చింది. దారిలో ఇవాళ్టి ప్రశ్న ఒకటి ఎదురైంది: క్రెడిట్ కార్డుతో జూదం ఆడనివ్వొచ్చా?

బ్రిటన్ ఈ ప్రశ్నకు 2020 ఏప్రిల్ 14న జవాబు చెప్పింది. డెబిట్ కార్డుతో ఆడుకో, క్రెడిట్ కార్డుతో వద్దు అంది. ఆస్ట్రేలియా 2024 జూన్ 11 నుంచి ఆన్‌లైన్ పందేలకు క్రెడిట్ కార్డు కుదరదంది. మన దేశం ఇంకా ముందుకు వెళ్లి, 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. మొదటి రెండు దేశాలూ ఆటను ఆపలేదు, అప్పును ఆపాయి. మనం ఆటను ఆపాం. మరి అప్పు సంగతి? ఈ వ్యాసం దాని గురించే.

ద్రౌపది అడిగింది

జూదాన్నీ అప్పునూ విడదీసి చూడటం మనవాళ్లకు కొత్తేమీ కాదు. ఋగ్వేదం పదో మండలంలో జూదరి సూక్తం ఒకటుంది. అందులో జూదరి అప్పులపాలై, భయపడుతూ, రాత్రిపూట డబ్బు కోసం పరాయి ఇళ్లకు పోతాడు. ఇంట్లోవాళ్లేమో, వీడెవడో మాకు తెలీదు, కట్టి తీసుకుపొండి అంటారు. పాచికల కన్నా అప్పులోళ్ల భయమే ఎక్కువగా కనిపిస్తుంది నాకు ఆ సూక్తంలో.

సభాపర్వం సంగతి అందరికీ తెలిసిందే. ధర్మరాజు రాజ్యాన్ని, తమ్ముళ్లను, తనను, చివరికి ద్రౌపదిని ఒడ్డాడు. ద్రౌపది సభను అడిగిన ప్రశ్నను మనం స్త్రీ గౌరవానికి సంబంధించిన ప్రశ్నగా చదువుతాం, అలాగే చదవాలి కూడా. కానీ అందులో ఒక వ్యవహారపు ప్రశ్న కూడా ఉంది. ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా? తనే తనకు మిగలనివాడికి ఇంకొకరిని ఒడ్డే హక్కు ఎక్కడిది? తన దగ్గర లేనిదాన్ని పందెంలో పెట్టడం చెల్లుతుందా? భీష్ముడంతటివాడు సూటిగా జవాబు చెప్పలేకపోయాడు. అప్పు చేసి ఆడేవాడు చేసేదీ అదే. తన దగ్గర ఇంకా లేని సంపాదనను ఒడ్డుతున్నాడు. అందులో ఇంట్లోవాళ్ల తిండీ, పిల్లల చదువూ కలిసే ఉంటాయి.

ధర్మశాస్త్రాలు జూదం మీద ఒక్క మాట మీద లేవు. మనువు రాజ్యంలో జూదమే ఉండకూడదన్నాడు. కౌటిల్యుడు జూదానికి ఒక అధ్యక్షుణ్ణి పెట్టి, గెలిచినదాంట్లో నూటికి 5 వసూలు చేయమన్నాడు. యాజ్ఞవల్క్యుడూ జూదశాల నడిపే సభికుడికి వాటా లెక్కగట్టాడు. పందెం పెద్దదైతే నూటికి 5, చిన్నదైతే నూటికి 10. సభికుడు రాజుకు చేరాల్సింది రాజుకిచ్చి, ఓడినవాడి దగ్గర వసూలు చేసి గెలిచినవాడికి ఇప్పించాలి. మొన్నటిదాకా రమ్మీ యాప్‌లు చేసిన పని ఇదే. వాటా పట్టుకోవడం, ప్రభుత్వానికి జీఎస్టీ కట్టడం, మిగిలింది గెలిచినవాడి ఖాతాలో వేయడం.

జూదాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్న దగ్గర ఇంత తేడా ఉన్నా, అప్పు దగ్గరికొచ్చేసరికి ఒక గట్టి సూత్రం నిలబడింది. తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చాలి, అది ధర్మం. కానీ తండ్రి జూదానికి, తాగుడికి చేసిన అప్పు కొడుకు కట్టనక్కర్లేదు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలోనే ఉంది ఈ మాట. శాస్త్రకారులు ఇలాంటి వాటిని అవ్యావహారిక ఋణాలన్నారు. వ్యావహారికం అనగానే మనకు గిడుగు రామమూర్తి గుర్తొస్తారు గానీ, అప్పుల శాస్త్రంలో ఈ మాటకు అర్థం వేరు. లోకవ్యవహారంలో చెల్లే అప్పు వ్యావహారికం, చెల్లనిది అవ్యావహారికం.

బ్రిటిష్ కోర్టులు దీన్ని హిందూ న్యాయంలో భాగంగా అమలు చేశాయి. ఉమ్మడి ఆస్తి మీదికి వెళ్లాలనుకునే అప్పులవాడికి కొడుకుల నుంచి ఎదురయ్యే వాదన ఇదే: మా నాయన దీన్ని చెడు పనులకు వాడాడు, మాకు సంబంధం లేదు. దస్తావేజులో 'కుటుంబ అవసరాల నిమిత్తం' అనే మాటకు బలం ఇక్కణ్ణుంచే వచ్చింది. కోర్టులు ఆ ఒక్క మాటనే నమ్మేయవు, వేరే రుజువులూ అడుగుతాయి. అయినా రాతలో అది ఉంటే అప్పిచ్చినవాడికి ఒక ఆసరా. కొడుకు తండ్రి అప్పు తీర్చాలన్న ధర్మాన్ని 2005 హిందూ వారసత్వ సవరణ చట్టం ఎత్తేసింది. ధర్మం పోయింది, నోటులో మాట మాత్రం ఉండిపోయింది.

పందెం చెల్లదు, మరి అప్పు?

ఆధునిక చట్టం కథ నల్లమందుతో మొదలవుతుంది. కలకత్తాలో కంపెనీ ప్రభుత్వం నల్లమందు వేలం వేసేది. వచ్చే వేలంలో ధర ఎంత పలుకుతుందో అని బొంబాయిలో వ్యాపారులు పందేలు కాశారు. ఓడినవాడు కట్టనన్నాడు. వ్యాజ్యం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. పందెం చెల్లుతుంది, కట్టాల్సిందేనని 1848లో తీర్పొచ్చింది. అదే ఏడాది 21వ నంబరు చట్టం తెచ్చి, పందెం డబ్బు కోసం కోర్టుకు రావడానికి వీల్లేదన్నారు. 1872 కాంట్రాక్టు చట్టంలో అది సెక్షన్ 30 అయింది. ఇప్పటికీ అమల్లో ఉన్నది అదే. గుర్రప్పందేల బహుమతికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. తెల్లదొరల సరదా కదా!

ఇక్కడ ఒక మెలిక ఉంది. సెక్షన్ 30 పందేన్ని చెల్లదంది గానీ, నేరం అనలేదు. కాబట్టి పందెం కాయడానికో, ఓడింది కట్టడానికో మూడోవాడు ఇచ్చిన అప్పు ఆ సెక్షన్ కిందకు రాదు. ఆ అప్పు మామూలు అప్పే, వసూలు చేసుకోవచ్చు. ఈ సందును బొంబాయివాళ్లు ముందే చూశారు. 1865లోనే అక్కడొక చట్టం చేసి, పందేనికి అనుబంధంగా చేసుకున్న ఒప్పందాలు కూడా చెల్లవన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ, అంటే మా కడప, కర్నూలు ఉన్న రాష్ట్రం, అలాంటి చట్టం చేయలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ ప్రశ్న సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1959లో ఘేరూలాల్ పరఖ్ కేసు. హాపూరులో గోధుమల ధర మీద పందేలు కాయడానికి భాగస్వాములైనవాళ్ల తగాదా అది. తీర్పు రాసింది మనవాడే, జస్టిస్ కోకా సుబ్బారావు. కర్నూలు రాజధానిగా, గుంటూరులో హైకోర్టు ఉన్న రోజుల్లో ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయన. పందెం చెల్లదు సరే, అది నీతిబాహ్యమని చట్టం అననప్పుడు దానికి అనుబంధమైన ఒప్పందాన్ని కొట్టేయలేమని ఆయన తేల్చారు. ధర్మశాస్త్రాలు జూదాన్ని ఖండించిన సంగతి కూడా తీర్పులో ఉంది. ఆ నిషేధాలు ఆచరణలో ఎప్పుడో మూలబడ్డాయనీ, కొన్ని జూదాల మీద ప్రభుత్వాలకు ఆదాయం కూడా వస్తోందనీ ఆయన గుర్తుచేశారు. న్యాయంగా చూస్తే తీర్పులో తప్పు పట్టడం కష్టం. చట్టంలో లేని నీతిని జడ్జి తెచ్చిపెట్టకూడదు. ఆ నీతిని చట్టంలోకి తేవాల్సింది శాసనసభలు.

శాసనసభలు ఏం చేశాయి? 1930 నాటి మద్రాసు గేమింగ్ చట్టం మా జిల్లాల్లో 1974 దాకా నడిచింది. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చి, ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలకు ఒకే చట్టమైంది. రెండిట్లోనూ జూదగృహం ఉంది, పరికరాలున్నాయి, దాడులూ జప్తులూ ఉన్నాయి. అప్పు లేదు. పోలీసులు పేకముక్కలు, నగదు, బైకులు పట్టుకుని బల్లమీద పేర్చి ఫొటో దిగుతారు. ఆ నగదులో అప్పు ఎంతో ఎవరూ అడగరు. నేరమైన జూదానికని తెలిసే అప్పిచ్చాడని రుజువైతే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 ప్రకారం ఆ అప్పును ప్రశ్నించవచ్చు. కానీ రుజువేది? నోటులో ఉన్నది కుటుంబ అవసరాలే కదా.

పత్తి ధర నుంచి బుకీ దాకా

రాయలసీమలో అప్పు వాన లాంటిది కాదు, ఏటా తప్పకుండా వస్తుంది. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి ధారాదత్తం చేశాక, కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో రైత్వారీ పద్ధతి పెట్టాడు. ప్రతి రైతూ తన శిస్తు తాను రొక్కంగా కట్టాలి. పంట చేతికి రాకముందే కిస్తీ గడువు వస్తే సావుకారే దిక్కు. 1876-78 ధాత కరువు తరవాత ఎన్ని పొలాలు చేతులు మారి ఉంటాయో ఊహించుకోవచ్చు. 1938లో మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చినప్పుడు అసలుకు రెండింతలు కట్టేసిన రైతు బాకీ తీరిపోయినట్టేనన్నారు. అప్పు తీరాల్సిందే గానీ దానికీ ఒక హద్దు ఉండాలన్న ఆలోచన అది.

ఇలాంటి నేల మీదికి మట్కా వచ్చింది. బొంబాయిలో న్యూయార్క్ పత్తి మార్కెట్ ప్రారంభ, ముగింపు ధరల మీద కాసే పందెం అది మొదట్లో. 1961లో ఆ ధరలు రావడం ఆగిపోయాక, కుండలో చీటీలు వేసి తీయడం మొదలైంది. కల్యాణ్‌జీ భగత్ 1962లో, రతన్ ఖత్రీ 1964లో తమ తమ మట్కాలు పెట్టారు. పత్తి పోయినా 'ఓపెన్', 'క్లోజ్' అనే మాటలు మిగిలాయి. ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు పత్తి వ్యాపారం ఎరిగిన ఊళ్లే. పొద్దున ఒక ధర, సాయంత్రం ఒక ధర అనే భాష ఇక్కడివాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. మట్కా బీటర్ అనే మాట మా జిల్లా పేపర్లలో ఎంత మామూలైందంటే, అది ఏ భాష మాటో కూడా మేం ఆలోచించం.

ఒక విచిత్రం చూడండి. మట్కా పుట్టిన బొంబాయిలో, పందేనికి అనుబంధమైన ఒప్పందం చెల్లదని చెప్పే చట్టం అప్పటికే వందేళ్ల పాతది. అది పాకి వచ్చిన మా ఊళ్లలో అలాంటి చట్టమే లేదు.

అయినా మట్కా ప్రధానంగా రొక్కం ఆట. పదో ఇరవయ్యో ఇచ్చి చీటీ రాయించుకునేవాళ్లే ఎక్కువ. జేబులో ఉన్నది అయిపోతే ఆరోజుకు ఆట అయిపోయినట్టే. కూలి డబ్బు పోయిన ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలగదు. అది చిన్న నష్టమని నేననను. కానీ ఆ నష్టానికి ఒక అడుగుంది.

క్రికెట్ పందెం ఆ అడుగును తీసేసింది. ఫోన్‌లో మాట చెప్తే చాలు, లెక్క తరవాత చూసుకుంటారు. ఎవరికి ఎంతదాకా ఇవ్వచ్చో బుకీకి తెలుసు. ఎన్ని ఎకరాలున్నాయి, అన్న ఏం చేస్తాడు, మామగారిది ఏ ఊరు, ఇవన్నీ చూసుకునే లిమిట్ ఇస్తాడు. బ్యాంకులు మా పల్లెలకు కార్డులు పంచడానికి చాలా ముందే మాకు క్రెడిట్ లిమిట్ అంటే ఏంటో తెలుసు. 2008లో ఐపీఎల్ మొదలయ్యాక ఏటా రెండు నెలలు ప్రొద్దుటూరు పేరు బెట్టింగ్ అరెస్టుల వార్తల్లో కనిపించడం మామూలైపోయింది. బాకీ తీర్చడానికి మళ్లీ అప్పు. దానికి నోటు. నోటులో, కుటుంబ అవసరాల నిమిత్తం. లేదంటే ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టి వ్యవసాయ రుణం. ఒంటిమీది నగ తీసిచ్చిన ఆడమనిషి చేసిన తప్పేంటో ఆ ఫారంలో ఏ గడిలోనూ ఉండదు.

7995

ఇప్పుడు కార్డు సంగతికొద్దాం. మూడు రూపాయల వడ్డీ అంటే మా ఊళ్లో ముక్కున వేలేసుకుంటారు. నూటికి నెలకు మూడు, ఏడాదికి 36. క్రెడిట్ కార్డు బాకీ నిలిపితే పడే వడ్డీ చాలా కార్డుల మీద అంతకు తక్కువ ఉండదు. మూడున్నర రూపాయలే అనుకుందాం. లక్ష బాకీకి నెలకు 3,500 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 630. కనీస మొత్తం కడితే చాలంటుంది బ్యాంకు, నూటికి 5 చొప్పున 5,000 అనుకోండి. అది కడితే అసలులో తగ్గేది 870 రూపాయలు. కార్డుతో నగదు తీస్తే వడ్డీలేని గడువు కూడా ఉండదు, ఆ రోజు నుంచే వడ్డీ. మా సావుకార్లను సినిమాల్లో విలన్లుగా చూపించారు గానీ, ఈ లెక్కకు వాళ్లు కూడా దణ్ణం పెడతారు.

దీనికి ఎదురు వాదనలున్నాయి, అవి తేలికైనవేం కావు. లక్ష రూపాయల ఫోన్ కార్డు మీద కొనుక్కోనిచ్చి, పందెం మాత్రం వద్దనడం ఏంటి, పెద్దవాళ్లను పిల్లల్లా చూడటం కాదా అంటారు. నాకు ఈ వాదన మీద గౌరవం ఉంది. కానీ ఫోన్ ధర ఫోన్ దగ్గర ఆగుతుంది. ఓడిన పందెం మాత్రం పోయింది తెచ్చుకోవడానికి ఇంకో పందేన్ని పిలుస్తుంది. సొంత డబ్బుతో ఆడేవాణ్ణి ఖాళీ జేబు ఆపుతుంది, అప్పుతో ఆడేవాణ్ణి ఆపేది ఏదీ లేదు. పైగా ఆ బాకీ తీర్చేది ఆట దగ్గర కూర్చున్నవాడొక్కడే కాదు. స్వేచ్ఛ ఒకడిదీ, కిస్తీ ఇంటిల్లిపాదిదీ అయినప్పుడు దాన్ని స్వేచ్ఛ అని ఊరుకోలేను.

కార్డు ఆపితే వాడు వడ్డీవ్యాపారి దగ్గరికో, లోన్ యాప్ దగ్గరికో పోతాడు, బ్యాంకే నయం కదా అన్నది రెండో వాదన. ఇందులో నిజముంది. 2020లో లోన్ యాప్‌ల వేధింపులు తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్లను ఏడిపించాయో చూశాం. అందుకే కార్డును గేటు దగ్గర ఆపడంతో సరిపోదంటున్నాను. అప్పిచ్చినవాడి చేతికి నష్టం అంటాలి.

ఇక మూడోది, 2025 చట్టం వచ్చాక ఈ చర్చ ఎందుకని. ఆ చట్టం ఆట నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా అంది. ఆ ఆటలకు డబ్బు మళ్లించవద్దని బ్యాంకులకూ చెప్పింది. ఆడినవాడికి శిక్ష లేదు, అది మంచిదే. కానీ మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ను నిషేధించింది, ఆటలు ఆగలేదు. విదేశీ సైట్లున్నాయి, గోవా కాసినోలున్నాయి, గుర్రప్పందేలున్నాయి. కార్డు గీకి, కమిషన్ పట్టుకుని నగదు చేతిలో పెట్టే కొట్లున్నాయి. అన్నిటికీ మించి, చేసిన అప్పు అలాగే ఉంది. ఆట నేరమైంది, బాకీ పవిత్రంగా మిగిలింది.

ఇన్ని శతాబ్దాల్లో ఎప్పుడూ లేని ఒక వీలు మాత్రం ఇప్పుడు దొరికింది. కార్డు వ్యవస్థలో ప్రతి దుకాణానికీ నాలుగంకెల వర్గం సంఖ్య ఉంటుంది. జూదానికి, పందేలకు ఇచ్చింది 7995. అంటే కార్డు గీకిన క్షణంలోనే డబ్బు దేనికిపోతోందో అప్పిచ్చేవాడి కంప్యూటర్‌కు తెలుస్తుంది. పల్లెలో సావుకారి, నాకేం తెలుసు, కుటుంబానికని తీసుకున్నాడు అనొచ్చు. బ్యాంకు అలా అనలేదు. 7995ను దాచి వేరే అంకెతో లావాదేవీ నడిపితే, ఆ మోసానికి జవాబు చెప్పాల్సింది నడిపినవాడూ, ఆ దుకాణాన్ని చేర్చుకున్న బ్యాంకూ. కార్డు పట్టుకున్నవాడి భార్య కాదు.

నేను కోరేది పెద్ద సంస్కరణేం కాదు. 1865లో బొంబాయి చేసింది 160 ఏళ్లు ఆలస్యంగానైనా దేశమంతా చేయాలి. జూదానికని తెలిసి ఇచ్చిన అప్పు, అది కార్డైనా, యాప్ అయినా, బుకీ లిమిట్ అయినా, వసూలుకు చెల్లదని చట్టంలో ఒక వాక్యం రాయాలి. అప్పుడు జూదరికి అప్పివ్వకుండా ఆపే పని పోలీసులకన్నా ముందు అప్పిచ్చేవాడి భయమే చేస్తుంది. ఎగ్గొట్టడానికి ఇది దారి అవుతుందని కొందరంటారు. అవుతుంది, కొంత. ఆ నష్టం వడ్డీ మీద బతికే సంస్థ మోస్తుందా, పంట మీద బతికే ఇల్లు మోస్తుందా అని అడిగితే, నా జవాబు మనువు కొడుకు విషయంలో చెప్పిందే. ఆయనతో నేను ఏకీభవించే చోట్లు చాలా తక్కువ. ఇదొకటి.